ఒకే సినిమా - పద్నాలుగు అభిప్రాయాలు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇమ్మని సంపాదకవర్గం తమ్ముళ్ళు మమ్మల్ని అడిగినప్పుడు మహనీయుల మీదో, పోటీ పరీక్షల మీదో రాస్తామనుకొని ఉంటారు. అవి రాయగలవాళ్ళు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. మేము మాత్రం ఒక జపాన్ బొమ్మల సినిమా గురించి, అది చూసి మనవాళ్ళు చెప్పిన అభిప్రాయాల గురించి రాస్తున్నాం. "పీజీ చదువుతూ కార్టూన్ల గురించి రాయడమేమిటి?" అని పూర్వ విద్యార్థులైన అన్నయ్యలు నవ్వుకున్నా ఫరవాలేదు. చివరిదాకా చదవమని మాత్రం మనవి.

మేము అంటే మూడు గదుల వాళ్ళం, మొత్తం పద్నాలుగు మందిమి. ఇంటర్ రెండో సంవత్సరం నుంచి పీజీ వరకు అన్ని తరగతుల వాళ్ళూ ఉన్నారు. మాలో చాలామందికి ఇంట్లో తమకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. పీజీ దాకా వచ్చిన మా ముగ్గురి సంగతీ అదే. ఫలానా పుస్తకం బాగుందనో, ఫలానా సినిమా బాగాలేదనో కూర్చొని వాదించుకునే ఇళ్ళు కావు మావి. సినిమా చూసి వస్తే "బాగుందా?" అని అడుగుతారు, "బాగుంది" అంటాం. అంతటితో ఆ సంగతి అయిపోతుంది.

మేము చూసిన సినిమా పేరు 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్'. తెలియనివాళ్ళ కోసం ముందు కథ కొంచెం చెప్పాలి. ఇది జపాన్‌లో తైషో కాలం, అంటే 1912-26 మధ్య నడిచే కథ. తంజిరో అనే కుర్రవాడు కొండ మీద ఉంటూ, బొగ్గులు అమ్మి ఇల్లు నడుపుతుంటాడు. ఒకరోజు ఊళ్ళో బొగ్గులు అమ్ముకొని తిరిగి వచ్చేసరికి తల్లిని, తమ్ముళ్ళను, ఒక చెల్లెలిని రాక్షసుడు చంపేసి ఉంటాడు. మిగిలిన చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోయి ఉంటుంది. ఆమెను మళ్ళీ మనిషిని చేయాలని అతను రాక్షసులను వేటాడే దళంలో చేరతాడు. కొయొహరు గొతోగె గీసిన ఈ బొమ్మల కథ 2016 నుంచి 2020 వరకు ఒక వారపత్రికలో వచ్చి, 23 సంపుటాలుగా పుస్తక రూపం దాల్చింది. యూఫోటేబుల్ అనే స్టూడియో దీన్ని 2019లో టీవీ సీరియల్‌గా తీసింది. దర్శకుడు హరువో సొతోజాకి.

టీవీ సీరియల్ నుంచి సినిమాకు రావడం వీళ్ళకు కొత్త కాదు. మొదటి 26 భాగాలు అయ్యాక, దాని తరువాతి కథను 2020 అక్టోబరులో 'ముగెన్ ట్రెయిన్' పేరుతో సినిమాగా విడుదల చేశారు. కరోనా రోజులైనా జపాన్ జనం థియేటర్లకు కదిలి వచ్చారు. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే' పేరిట ఉన్న వసూళ్ళ రికార్డును దాటి, జపాన్‌లో అన్ని సినిమాల కంటే ఎక్కువ వసూలు చేసినది ఇదే అయ్యింది. ఆ తరువాత మళ్ళీ టీవీలో మిగతా భాగాలు వచ్చాయి. 2024 జూన్‌లో ఆఖరి భాగం ముగిసేసరికి మొత్తం 63 భాగాలు అయ్యాయి. ఆ చివరి భాగంలో రాక్షసుల రాజు ముజాన్, వేటగాళ్ళందరినీ తన మాయాకోటలో పడేస్తాడు. సరిగ్గా అక్కడే 'ఇన్ఫినిటీ కాజిల్' మొదలవుతుంది. జపాన్‌లో 2025 జూలై 18న వచ్చింది. మన దేశంలో సెప్టెంబరు 12న జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళంతో పాటు తెలుగులో కూడా విడుదలైంది.

ఆ 'తెలుగులో కూడా' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సీరియల్‌ను మేము హాస్టల్లో ఎలా చూశామో చెబితే ఆ మాట విలువ తెలుస్తుంది.

రాత్రి స్టడీ అవర్ అయిపోయాక ఒక బకెట్ బోర్లించి, దానికి ఫోన్ ఆనించి, చుట్టూ చేరేవాళ్ళం. ఉన్నది ఒక్క మంచి ఫోన్. మాటలు జపనీస్, కింద అక్షరాలు ఇంగ్లీషు. డిగ్రీ, పీజీ వాళ్ళం ఎలాగో చదువుకునేవాళ్ళం. తెలుగు మీడియంలో పది చదివి వచ్చిన ఇంటర్ తమ్ముళ్ళకు ఒక వరుస చదివేలోగా రెండో వరుస వచ్చేసేది. అందుకని మాలో ఒకడు పైకి చదివి తెలుగులో చెప్పేవాడు. ఎంత గడగడా చెప్పినా పాత్రలు నాలుగు మాటలు మాట్లాడితే తమ్ముళ్ళకు అందేది ఒకటి. కొట్లాటలు వాళ్ళకు పూర్తిగా అందేవి, మాటలు సగమే. అయిపోయాక మేము గంటసేపు చర్చించుకుంటుంటే వాళ్ళు దుప్పట్లు దులుపుకొని పడుకునేవాళ్ళు. "ఎలా ఉందిరా?" అంటే "సూపర్ అన్నా" అనేవాళ్ళు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

సెప్టెంబరు 14 ఆదివారం. వార్డెన్ సార్ దగ్గర అనుమతి తీసుకొని పద్నాలుగు మందిమీ బయలుదేరాం. బస్సు చార్జీ, టికెట్టు కలిపి మనిషికి రెండు వందల పైచిలుకు అయ్యింది. ఇద్దరు తమ్ముళ్ళ దగ్గర లేకపోతే మిగతావాళ్ళం తలా కొంత వేసుకున్నాం. సినిమా నిడివి 155 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మొదలైన వాదన, రాత్రి మెస్‌లో పప్పు చల్లారిపోయేదాకా సాగింది. వచ్చిన అభిప్రాయాలను ఉన్నవి ఉన్నట్టు రాస్తాం.

మొదటిది, సీరియల్ అసలు చూడని ఇద్దరి మాట. "ఎవరెవరో కింద పడుతున్నారు, ఎవరెవరో కొట్టుకుంటున్నారు. ఎవడికి ఎవడు ఏమవుతాడో తెలియలేదు. పైగా కథ పూర్తి కాలేదు" అన్నారు. న్యాయమైన మాటే. 'ముగెన్ ట్రెయిన్' కూడా సీరియల్ మధ్యలోని కథే అయినా, అందులో ఒక రైలు, ఒక ప్రయాణం, ఒక వీరుడి మరణం ఉన్నాయి. దానికదే మొదలై దానికదే ముగుస్తుంది. ఇది అలాంటిది కాదు, మూడు సినిమాల వరుసలో మొదటిది. మూడు పోరాటాలు అయ్యేసరికి తెర పడిపోతుంది. 63 భాగాలు చూసినవాడికి ఇది పండగ భోజనం, చూడనివాడికి మధ్యలో లేపేసిన విస్తరి.

రెండోది, బొమ్మల పని గురించి. దీని మీద మాత్రం పద్నాలుగు మందిదీ ఒకే మాట. ఆ కోటలో కింద, పైన అనేవి లేవు. తలుపులు, మెట్లు, వసారాలు తలకిందులుగా కదులుతుంటాయి. ఒక రాక్షసి వీణ లాంటి వాయిద్యం మీటితే గదులకు గదులే జరిగిపోతాయి. మాలో సివిల్ డిప్లొమా చదివి వచ్చినవాడు ఆ స్తంభాలు లెక్కపెట్టడానికి ప్రయత్నించి వదిలేశాడు.

మూడోది, తెలుగు మాటల గురించి. జపనీస్ గొంతులకు అలవాటుపడిన మాలో నలుగురు "ఆ గొంతులోని కోపం ఇందులో రాలేదు, మాతృక మాతృకే" అన్నారు. అప్పుడు ఇంటర్ తమ్ముడు ఒకడు "అన్నా, మీకు కావలసింది గొంతు. మాకు కావలసింది మాట" అన్నాడు. అంతకు ముందు సీరియల్ మీద ఎన్నడూ నోరు విప్పనివాడు వాడు. మా నలుగురికీ జవాబు దొరకలేదు.

నాలుగోది అసలు గొడవ. సినిమా మధ్యలో వచ్చే గతం తాలూకు కథలు.

పోరాటం రక్తి కట్టిన చోటల్లా సినిమా ఆగి, ఆ పాత్ర వెనకటి జీవితంలోకి వెళ్తుంది. షినోబు తన అక్కను చంపిన డోమాను ఎదుర్కొన్నప్పుడు అంతే. జెనిత్సు, ఒకప్పుడు తనతో పాటు ఒకే గురువు దగ్గర నేర్చుకొని రాక్షసుడిగా మారిన కైగాకుతో తలపడినప్పుడూ అంతే. అన్నిటికంటే పెద్దది అకాజా కథ. "ఊపు మీద ఉన్నప్పుడు బ్రేకు వేస్తారేమిటి? అరగంట కోసేస్తే బ్రహ్మాండంగా ఉండేది" అన్నారు మాలో ఐదుగురు. దేశదేశాల్లో చూసినవాళ్ళలో కూడా చాలామంది ఇదే ఫిర్యాదు చేశారు.

ఆ ఫిర్యాదుకు కారణం కథలో లేదు, కొలతలో ఉందని మాకు అనిపించింది. బొమ్మల పుస్తకంలో ఒక అధ్యాయం ఇరవై పేజీలు. టీవీలో ఒక భాగం ఇరవై నిమిషాల పైచిలుకు. ఒక వారం పోరాటం, మరుసటి వారం గతం పెడితే చూసేవాడికి మధ్యలో ఏడు రోజుల ఊపిరి ఉంటుంది. అదే కథను ఒకే కూర్చోలో, చీకట్లో, 155 నిమిషాలు చూపిస్తే ఆగిన ప్రతిచోటా ఆగినట్టే తెలుస్తుంది. వారవారం వచ్చే నవల బాగుండి, అదే పుస్తకంగా ఒక్కసారి చదివితే సాగినట్టు అనిపించడం మనకు తెలియంది కాదు. కాబట్టి ఆ ఐదుగురూ తప్పు చెప్పలేదు.

కానీ మిగతావాళ్ళు చెప్పినది వేరు. అది చెప్పాలంటే అకాజా ఎవరో చెప్పాలి.

అకాజా రాక్షసుల్లో పై వరుసలో మూడోవాడు. 'ముగెన్ ట్రెయిన్'లో రెంగోకు అనే వీరుడిని చంపినవాడు. రెంగోకు అంటే మా గదుల్లో అందరికీ ప్రాణం. అకాజా ఎప్పుడు చస్తాడా అని ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళం. తీరా వాడి తల తెగే వేళకు సినిమా వాడి బాల్యం చూపిస్తుంది. వాడి అసలు పేరు హకుజి. ఎదో పట్టణంలో, మంచం పట్టిన తండ్రికి మందులు కొనడానికి జేబులు కొట్టే పిల్లవాడు. పట్టుబడినప్పుడల్లా కొరడా దెబ్బలు, ముంజేతుల చుట్టూ దొంగ అని తెలిపే పచ్చబొట్టు గీతలు. తన మందుల కోసం కొడుకు దొంగ అవుతున్నాడని కుమిలిపోయి, నిజాయితీగా బతకమని ఉత్తరం రాసిపెట్టి తండ్రి ప్రాణం తీసుకుంటాడు. తరువాత కెయిజో అనే మల్లవిద్య గురువు వాడిని చేరదీసి, జబ్బుతో ఉన్న తన కూతురు కొయుకికి సేవ చేసే పని అప్పగిస్తాడు. ఆ పిల్ల కోలుకుంటుంది. ఇద్దరికీ పెళ్ళి కుదురుతుంది. ఆ సంగతి తండ్రి సమాధికి చెప్పుకొని తిరిగి వచ్చేసరికి, పక్క కత్తిసాము బడివాళ్ళు బావిలో విషం కలిపి తండ్రీకూతుళ్ళిద్దరినీ చంపేసి ఉంటారు. హకుజి ఒట్టి చేతులతో ఆ బడిలోని 67 మందిని చంపేస్తాడు. ఆ స్థితిలో ముజాన్ కంటపడి రాక్షసుడవుతాడు.

"అయితే ఏంటి?" అన్నాడు రెంగోకు అభిమాని ఒకడు. "కష్టపడినవాళ్ళందరూ రాక్షసులు అవుతారా? తంజిరో ఇంటిల్లిపాదీ పోయారు. వాడు కాలేదుగా? గతం చూపించి జాలి పుట్టిస్తే రెంగోకు తిరిగి వస్తాడా?" ఈ మాటకు చాలామంది తల ఊపారు.

అప్పటిదాకా చపాతీ తుంచుకుంటూ కూర్చున్న మిత్రుడొకడు మెల్లగా అందుకున్నాడు. వాడు సంచార జాతి కుటుంబం నుంచి వచ్చినవాడు. "మీరు అందరూ వాడి కొట్లాట చూశారు. నేను వాడి చేతులు చూశాను. ఆ గీతలు పడ్డాక వాడు పని అడిగినా ఎవడిస్తాడు?" అన్నాడు. తరువాత వాడి ముత్తాత సంగతి చెప్పాడు. 1871లో ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద పుట్టిన కులాన్ని బట్టే మనుషుల్ని దొంగలుగా రాసుకునేవారు. పేర్లు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకు, 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. "మా ముత్తాత చేతి మీద పచ్చబొట్టు లేదు. రిజిస్టరులో పేరుంది. చట్టం పోయినా, ఊళ్ళో ఏ వస్తువు పోయినా ముందు మా వీధికే వచ్చేవాళ్ళని మా తాత చెప్పేవాడు" అన్నాడు.

జపాన్‌లోనూ అలాంటి శిక్ష నిజంగానే ఉండేది. ఎదో కాలంలో దొంగతనం చేసినవాళ్ళకు చేతి మీద పచ్చబొట్టు వేసేవారు, 1870ల మొదట్లో దాన్ని ఎత్తేశారు. మా పీజీవాళ్ళలో చరిత్ర చదివేవాడు ఈ సంగతి చెప్పాడు. ఒక దేశం పచ్చబొట్టు మానుకున్న ఆ రోజుల్లోనే మన దగ్గర రిజిస్టరు తెరిచారు. సముద్రానికి అటు ఒకటి, ఇటు ఒకటి.

ఆ తరువాత మాట్లాడినవాడు ఇందాక తెలుగు మాటల గురించి చెప్పిన ఇంటర్ తమ్ముడే. "నాకు అకాజా గురించి కాదన్నా. వాళ్ళ నాన్న గురించి. కొడుకు ఏం కావాలనుకుంటున్నాడో ఆయన ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. నేను భారం కాకూడదని ఆయనే నిర్ణయించేసుకొని పోయాడు. మా నాన్నా ఇంతే. షుగర్ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటూ నాకు డబ్బులు పంపిస్తాడు. అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు." ఇది చెప్పి వాడు కంచం తీసుకొని కడగడానికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వరండాలో ఫోన్‌లో వాళ్ళ నాన్నతో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. రోజూ వేసుకోవాల్సిందేనని గట్టిగా చెబుతున్నాడు.

మెస్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అరగంట కోసేయాలన్న ఐదుగురిలో ఒకడు "నేను ఇప్పటికీ కోసేయాలనే అంటాను, కానీ పావుగంటే" అన్నాడు. అందరం నవ్వాం. రెంగోకు అభిమాని తన మాట మార్చుకోలేదు. మార్చుకోమని ఎవరూ అడగలేదు కూడా. నిజానికి వాడి ప్రశ్నకు సినిమాలోనే ఒక జవాబు ఉందని మాకు తోచింది. తల తెగినా అకాజా శరీరం మళ్ళీ లేవబోతుంది. తాను ఎవరో గుర్తుకొచ్చాక వాడు తన దెబ్బను తన మీదే వేసుకుంటాడు. సినిమా వాడిని నిర్దోషి అనలేదు, వాడు చేసినది ఒప్పు అనలేదు. వాడూ ఒకప్పుడు మనిషేనని మాత్రమే చెప్పింది. జాలి పడటం వేరు, క్షమించడం వేరు. ఈ రెంటికీ మధ్య తేడా పుస్తకాల్లో చదివాం గాని, ఆ రాత్రి మెస్ బల్ల దగ్గరే మాకు బాగా అర్థమైంది.

ఇక ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాం.

రెండేళ్ళుగా మా పక్కన కూర్చొని "సూపర్ అన్నా" అని మాత్రమే అన్న తమ్ముడు, కథ తన భాషలో తన చెవిన పడిన రోజునే మా అందరి కంటే లోతైన మాట చెప్పాడు. ఆ మాట వాడిలో కొత్తగా పుట్టిందని మేము అనుకోవడం లేదు. దానికి దారి దొరికింది, అంతే. కాలేజీల్లో మనవాళ్ళు వెనక బెంచీల్లో మౌనంగా కూర్చుంటారు. పాఠం ఇంగ్లీషులో సాగుతుంది, ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. జవాబు మనసులో తెలుగులో తయారై ఇంగ్లీషులోకి మారేలోగా గంట కొట్టేస్తారు. వీళ్ళకు అభిప్రాయాలు లేవని అయ్యవార్లు అనుకుంటారు. కొన్నాళ్ళకు మనమూ అలాగే అనుకోవడం మొదలుపెడతాం. అది అన్నిటికంటే ప్రమాదం.

ఇంకో సంగతి కూడా ఉంది. సినిమా చూసే ముందే దానికి ఎవరెన్ని నక్షత్రాలు ఇచ్చారో తెలుసుకొని, బయటికి వచ్చి అదే మాట చెప్పడం మనలో చాలామందికి అలవాటు. నక్షత్రాలు ఇచ్చేవాడికి అకాజా చేతి గీతల్లో మన మిత్రుడి ముత్తాత కనిపించడు. అది వాడి తప్పు కాదు, వాడు చూసిన చోటు నుంచి అది కనబడదు. మనం ఉన్న చోటు నుంచి కనబడేది మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

అందుకని తమ్ముళ్ళకు మా విన్నపం. ఇంగ్లీషు తప్పకుండా నేర్చుకోండి. ఉద్యోగానికి కావాలి, చదువుకు కావాలి, కింద అక్షరాలు చదువుకోవడానికీ కావాలి. కానీ అది వచ్చేదాకా నోరు కట్టేసుకొని కూర్చోకండి. సినిమా చూసినా, పుస్తకం చదివినా, మీటింగులో ప్రసంగం విన్నా, నచ్చిందా లేదా అన్న దగ్గర ఆగకుండా ఎందుకు నచ్చింది, ఎక్కడ నచ్చలేదు అని ఒక్క మాటైనా చెప్పండి. మన రీడింగ్ రూములో పేపర్ల బల్ల పక్కన ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం పెట్టాం. అట్ట మీద 'అభిప్రాయాలు' అని రాసి ఉంది. ఎవరైనా రాయవచ్చు, పేరు వేయనక్కరలేదు. తెలుగులో రాయండి, మీ ఊరి తెలుగులో రాయండి, అక్షర దోషాలున్నా రాయండి. సీనియర్లు రాసినదానికి కింద "కాదు" అని రాసే హక్కు జూనియర్లకు పూర్తిగా ఉంది.

ఈ వరుసలో ఇంకా రెండు సినిమాలు రావాలి. వచ్చేసరికి మాలో కొందరం ఈ హాస్టల్లో ఉండం. ఎక్కడున్నా చూస్తాం. ఆ నోటు పుస్తకంలో మీరేం రాశారో చదవడానికి మాత్రం తప్పకుండా వస్తాం. మాతో ఏకీభవించకపోతే మరీ సంతోషం.